తెలివి వచ్చిన తరువాత

తెలుగులో ‘తెలివి’ అన్న మాటకు రెండు అర్థాలున్నవి. ఒకటి స్పృహ, రెండవది బుద్ధి. దెబ్బ తగిలి పడిపోయిన బిడ్డ కన్ను తెరిచినప్పుడు పక్కనున్నవారు ‘తెలివి వచ్చింది’ అంటారు. ఆ మాటతో తల్లి గుండె కుదుటపడుతుంది. మొక్కుకున్న ముడుపు గుర్తుకు వస్తుంది. బయట వేచియున్న బంధువులకు కబురు వెళుతుంది. అయితే ఆ క్షణాన వచ్చినది మొదటి అర్థంలోని తెలివి మాత్రమే. ఎదుటి మనిషి పేరు గుర్తుపట్టడం, రెండు పనులను వరుస తప్పకుండా చేయడం, కోపాన్ని ఆపుకోవడం, నిన్న చదివిన పాఠాన్ని నేడు అప్పగించడం వంటివన్నీ రెండవ అర్థంలోని తెలివికి చెందినవి. అది ఎప్పుడు వస్తుందో, ఎంతమేరకు వస్తుందో ఆ మంచం దగ్గర ఎవరూ చెప్పలేరు. భాష ఒకే మాటలో కలిపి చెప్పిన ఈ రెండింటి నడుమ సంవత్సరాల దూరం ఉండవచ్చును. తలకు గాయమైన బిడ్డ కథ ఆ దూరంలోనే జరుగుతుంది. ఆ బిడ్డ కుటుంబం కథ కూడా అక్కడే జరుగుతుంది.

తెలుగు చలనచిత్రానికీ, జనప్రియమైన నవలకూ తలగాయం క్రొత్త వస్తువు కాదు. కథానాయకుడు తలకు దెబ్బ తగిలి గతాన్ని మరచిపోతాడు. అయినవారిని గుర్తుపట్టడు. చివరకు మరొక దెబ్బతోనో, చిన్ననాటి పాట ఒకటి చెవిని పడటంతోనో సర్వం ఒక్కసారిగా తిరిగి వస్తుంది. ఇక్కడ గాయం కథకు తాళం వేయడానికీ, సమయం రాగానే తాళం తీయడానికీ పనికివచ్చిన సాధనం. దానికి శరీరంలో స్థానం లేదు. నిజానికి గాయపడిన మెదడుకు తగిలే రెండవ దెబ్బ పోయినదానిని తీసుకురాదు. మిగిలినదానిని కూడా ప్రమాదంలో పడవేస్తుంది. వైద్యశాస్త్రం తెలియకపోవడం కథకుడికి గొప్ప దోషం కాకపోవచ్చును. కాని కోలుకోవడం అన్నది పోయినచోటికి తిరిగి రావడమే అన్న నమ్మకం ఈ కల్పనకు మూలం. ఆ నమ్మకంతో ఆసుపత్రినుండి ఇంటికి వచ్చిన తల్లిదండ్రులు, బిడ్డ ‘ఇదివరకటిలా’ కాలేదని నెల నెలా లెక్క పెట్టుకొని కుంగిపోతారు. కల్పనలోని అసత్యం ఇంటిలోని దుఃఖాన్ని పెంచుతుంది. అందువల్లనే ఇది విమర్శకు సంబంధించిన విషయం.

పసివారి విషయంలో మరొక అపోహ కూడా ఉన్నది. లేత మెదడు తొందరగా అతుకుతుందని, చిన్నతనంలో తగిలిన దెబ్బ పెద్దయ్యేసరికి ఆనవాలు లేకుండా పోతుందని చాలమంది నమ్ముతారు. 1930లలో మార్గరెట్ కెన్నార్డ్ కోతులపై జరిపిన పరిశోధనలు ఈ భావానికి శాస్త్రీయమైన ఆధారంగా చలామణి అయినవి. తరువాతి పరిశీలనలు దీనిని అంత సులభంగా అంగీకరించలేదు. ఇంకా పెరుగుతూ ఉన్న మెదడుకు తగిలిన గాయం అప్పటికి వచ్చిన విద్యలనే కాక, ముందు రావలసిన విద్యలను కూడా తాకుతుంది. ఐదేండ్ల వయసులో తగిలిన దెబ్బ ఫలితం పన్నెండేండ్లకు, పాఠాలు బరువెక్కి, స్నేహాలు సూక్ష్మమైనప్పుడు బయటపడవచ్చును. అప్పటికి ఆ ప్రమాదాన్ని బడి మరచిపోతుంది. ‘సోమరి’, ‘మొద్దు’, ‘మొండి’ అన్న పేర్లు మాత్రం సిద్ధంగా ఉంటవి. తలమీది మచ్చ జుట్టులో దాగినట్లే కారణం కూడా దాగిపోతుంది. కారణానికీ కార్యానికీ నడుమ ఏడేండ్ల ఎడమున్న కథను ఎట్లా చెప్పాలన్నది ఈ వస్తువును చేపట్టిన ప్రతి రచయిత ఎదుర్కోవలసిన మొదటి చిక్కు.

ఈ చిక్కును స్వయంగా ఎదుర్కొన్న రచయితలలో రోల్డ్ డాల్ ఒకడు. 1960 డిసెంబరు 5న న్యూయార్క్ నగరంలో, అక్కను శిశుపాఠశాలనుండి ఇంటికి తీసుకువస్తున్న దాది తోస్తూ ఉన్న పిల్లబండిని ఒక టాక్సీ ఢీకొన్నది. బండిలో ఉన్న డాల్ కుమారుడు థియోకు అప్పటికి నాలుగు నెలల వయసు. పుర్రె పగిలింది. ప్రాణం నిలిచినది గాని, మెదడులో నీరు చేరసాగింది. ఆ నీటిని సన్నని గొట్టం ద్వారా శరీరంలోకి మళ్ళించే చికిత్స అప్పటికే ఉన్నది. అయితే ఆ గొట్టంలోని కవాటం మాటిమాటికి పూడుకొనిపోయేది. పూడిన ప్రతిసారీ బిడ్డ చూపుకూ ప్రాణానికీ గండం. ప్రతిసారీ మళ్ళీ శస్త్రచికిత్స.

కుటుంబం ఇంగ్లండుకు తిరిగివచ్చిన తరువాత డాల్ ఆ కవాటాన్ని గురించి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టినాడు. అది ఎక్కడ పూడుతున్నది, ఎందుకు పూడుతున్నది, పూడకుండా చేయడం ఎట్లా? తనతో కలిసి బొమ్మ విమానాలు ఎగురవేసే స్టాన్లీ వేడ్ సూక్ష్మమైన పంపులు తయారుచేయడంలో నేర్పరి. లండన్‌లో పిల్లల ఆసుపత్రిలో మెదడు శస్త్రవైద్యుడు కెనెత్ టిల్. ఈ ముగ్గురి కృషివల్ల 1962లో ఒక క్రొత్త కవాటం ఏర్పడింది. వేడ్-డాల్-టిల్ కవాటమని దానికి పేరు. అది సిద్ధమయ్యేనాటికి థియోకు దాని అవసరమే లేకపోయినది. ఆ తరువాత దాదాపు 3,000 మంది పిల్లలకు అది ఉపయోగపడినది. దానిమీద లాభం తీసుకోరాదని ఆ ముగ్గురూ నిర్ణయించుకొన్నారు.

ఈ వృత్తాంతాన్ని జీవితచరిత్రలు వీరగాథగా చెబుతూ వచ్చినవి. అందులో వింత లేదు. కాని సాహిత్య విమర్శకుడు గమనించవలసినది మరొకటి ఉన్నది. డాల్ ఆ ప్రమాదాన్ని కథగా వ్రాయలేదు. 1964లో వెలువడిన ‘చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ’ అంకితపుటలో థియో పేరు మాత్రం ఉన్నది. దుఃఖాన్ని వ్రాయని రచయిత దానినుండి పారిపోయినాడని అనడం తొందరపాటు అవుతుంది. ఎక్కడ, ఎందుకు, ఎట్లా అని అడగడమే కథకుడి స్వభావం. డాల్ ఆ స్వభావాన్ని కాగితంమీద కాక కవాటంమీద వినియోగించినాడు. అయినను ఆ వీరగాథలో ఒక లోపం ఉన్నది. అందులో తండ్రి ఉన్నాడు, యంత్రం ఉన్నది, విజయం ఉన్నది. ప్రమాదంనాడు బడినుండి వస్తూ ఉన్న మూడేండ్ల అక్కకు అందులో చోటు లేదు. గాయం ఒక్క తలకే తగిలిందనుకొన్న కథలో తక్కినవారందరూ ప్రేక్షకులౌతారు. ఇంటిలో మాత్రం ప్రేక్షకులంటూ ఎవరూ ఉండరు.

ఆ కుటుంబానికి పరీక్షలు అంతటితో ఆగలేదు. 1962 నవంబరులో పెద్దకుమార్తె ఒలీవియా తట్టు జ్వరం మెదడుకు పాకి ఏడేండ్ల వయసులో మరణించింది. 1965 ఫిబ్రవరిలో డాల్ భార్య, ప్రఖ్యాత నటి పెట్రీషియా నీల్, గర్భవతిగా ఉండగా మెదడులో రక్తనాళాలు చిట్లి మూడు వారాలపాటు స్పృహ లేకుండా పడియున్నది. లేచిన తరువాత మాట లేదు; కుడిపక్క స్వాధీనంలో లేదు. డాల్ తమ గ్రామంలోని ఇరుగుపొరుగువారికి వంతులు ఏర్పాటుచేసి, రోజంతా ఎవరో ఒకరు ఆమెకు మాటలు నేర్పేటట్లు చూసినాడు. వారిలో వాలెరీ ఈటన్ గ్రిఫిత్ వైద్యురాలు కాదు, శిక్షణ పొందిన ఉపాధ్యాయిని కాదు. ఆమె ఆ అనుభవంనుండి 1970లో ‘ఎ స్ట్రోక్ ఇన్ ది ఫ్యామిలీ’ అన్న చిన్న పుస్తకం వ్రాసినది. జబ్బు పేరు పక్కన ‘కుటుంబంలో’ అన్న మాటను చేర్చిన ఆ శీర్షికే ఒక విమర్శ. నీల్ స్వయంగా వ్రాసుకొన్న ఆత్మకథ ‘యాజ్ ఐ యామ్’ 1988లో వచ్చినది. భర్త విధించిన కఠినమైన క్రమం తనకు ఎంత బాధ కలిగించిందో, చివరకు ఎంత మేలు చేసిందో రెండింటినీ ఆమె చెప్పినది. ఒకే చికిత్సకు చేసినవాడి వైపునుండి ఒక కథ, చేయించుకొన్న మనిషి వైపునుండి మరొక కథ ఉంటవని ఈ పుస్తకం వల్ల తెలుస్తుంది. తల్లిదండ్రులు వ్రాసే గ్రంథాలలో బిడ్డ వైపు కథ తరచు వినబడకుండా పోతుంది.

ఈ విషయాన్ని జీవితమంతా మోసిన రచయిత జపాను దేశపు కెంజబురో ఓయె. ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా చెప్పవలసియున్నది. ఓయె కుమారుడు హికారిది ప్రమాదంవల్ల కలిగిన గాయం కాదు. 1963లో అతడు పుర్రెలోని లోపంతో, మెదడు వెలుపలికి ఉబికియుండగా జన్మించినాడు. శస్త్రచికిత్స బ్రతికించినది గాని, బుద్ధివికాసం పరిమితమైనది. కారణం వేరైనను కుటుంబం ముందు నిలిచిన ప్రశ్న ఒక్కటే. అనుకొన్న బిడ్డ పోయి, ఈ బిడ్డ మిగిలినప్పుడు ఈ ఇల్లు ఎట్లా బ్రతకాలి?

ఓయె 1964లో ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు వ్రాసినాడు. ఇంగ్లీషులో ‘ఎ పర్సనల్ మేటర్’ అన్న పేరుతో ప్రసిద్ధమైన నవలలో ‘బర్డ్’ అన్న యువకుడు బిడ్డ చావును కోరుకొని, ఆసుపత్రినుండి, భార్యనుండి, తననుండి పారిపోయి, చివరకు బిడ్డను బ్రతికించడానికి నిశ్చయించుకొంటాడు. ‘అగ్వీ’ అన్న ఆకాశపు పసిబిడ్డను గురించిన కథలో మరొక తండ్రి బిడ్డను చావనిచ్చి, ఆ బిడ్డ నీడను ఆకాశంలో చూస్తూ బ్రతుకుతాడు. నవల ముగింపు మరీ తొందరగా, మరీ ఆశాజనకంగా ఉన్నదని మిషిమా మొదలైనవారు ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. ఒక్క నిర్ణయంతో తండ్రి మారిపోవడం, ఒక్క పాటతో గతం తిరిగి రావడం వంటిదే. కాని నవల చివరి పుటలో ఒక చిన్న విషయం ఉన్నది. బర్డ్‌కు ఒక మిత్రుడు కానుకగా ఇచ్చిన నిఘంటువులో ‘ఆశ’ అన్న మాట వ్రాసియుంటుంది. బర్డ్ అందులో మొదట వెదకదలచినది ‘ఓర్పు’ అన్న మాటను. ముగింపు చెప్పలేకపోయిన సత్యాన్ని ఆ మాట చెబుతున్నది. తరువాతి ముప్పది యేండ్ల రచన అంతా ఆ మాటకు అర్థం వెదకడంగానే సాగింది.

ఆ వెదుకులాటలో పసివాడు తన దారిని తానే చూపినాడు. మాటలకు పలకని హికారి పక్షుల కూతలకు చెవి ఒగ్గేవాడు. తల్లిదండ్రులు పక్షుల కూతలు, వాటి పేర్లు ఉన్న ధ్వనిముద్రికను వినిపించేవారు. ఆరేండ్ల వయసులో, అడవి దగ్గరి విడిదిలో తండ్రి భుజాలమీద ఉండగా, చెరువువైపునుండి ఒక నీటికోడి కూత వినబడింది. బాలుడు ధ్వనిముద్రికలోని వ్యాఖ్యాత గొంతుతో ఆ పక్షి పేరు చెప్పినాడు. తండ్రి కొంతసేపు తన చెవులను తాను నమ్మలేదు. 1994లో నోబెల్ బహుమానం అందుకొన్నప్పటి ఉపన్యాసంలోనూ ఓయె ఈ సంగతిని స్మరించినాడు. దీనిని అద్భుతంగా చెప్పడం సులభం. అయితే దీని వెనుక ఎన్నో నెలల వినికిడి ఉన్నది. బిడ్డ ఏ తలుపు దగ్గర నిలిచియున్నాడో గమనించి, ఆ తలుపునే తెరవడానికి ఇంటివారు చేసిన ప్రయత్నం ఉన్నది. హికారి క్రమంగా సంగీతం నేర్చి, రచించి, 1992లో మొదటి ఆల్బం వెలువరించినాడు.

ఓయె రచనలో కుటుంబ సభ్యులు ఒక్కొక్కరుగా వెలుగులోకి వచ్చిన క్రమం విమర్శకులు గమనింపదగినది. 1964 నాటి నవల తండ్రిది. 1990లో వచ్చిన ‘ఎ క్వైట్ లైఫ్’ నవలను చెప్పేది చెల్లెలు. తల్లిదండ్రులు అమెరికా వెళ్ళగా అన్నను చూసుకొనే భారం ఆమెపై పడుతుంది. అన్నను ప్రేమించడం, అతనివల్ల తన జీవితం ఇరుకుకావడం, ఆ ఇరుకును ఎవరికీ చెప్పుకోలేకపోవడం అందులోని వస్తువు. డాల్ వీరగాథలో చోటు దొరకని అక్కకు ఇక్కడ చోటు దొరికినట్లయినది. 1995లో ఓయె, భార్య యుకారి వేసిన చిత్రాలతో వెలువరించిన వ్యాససంపుటి పేరు జపాను భాషలో ‘కోలుకొంటున్న కుటుంబం’ అన్న అర్థమిస్తుంది. ఆ పేరులో కోలుకొనేది బిడ్డ కాదు, కుటుంబం. క్రియ కూడా భూతకాలంలో లేదు. మొదటి నవల ముగింపుకు ఓయె తానే వ్రాసుకొన్న దిద్దుబాటు అది.

అయినను ఒక ప్రశ్న మిగులుతుంది. తనను గురించి వ్రాయవచ్చునో లేదో చెప్పలేని బిడ్డను పుస్తకాలలో ఇన్నిసార్లు నిలబెట్టే హక్కు తండ్రికి ఎక్కడిది? ఓయె ఈ ప్రశ్నను దాటవేయలేదు. నోబెల్ బహుమానం వచ్చిన కాలంలో, కుమారుడు సంగీతంలో తన గొంతును తానే కనుగొన్నాడు గనుక ఇక తాను నవలలు వ్రాయనని ప్రకటించినాడు. ఆ మాట నిలబెట్టుకోలేదు. కొన్నేండ్లకే మళ్ళీ నవల వ్రాసినాడు. 2023లో మరణించినాడు. నిలవని ఆ మాటలో కూడా ఒక అంగీకారం ఉన్నది. బిడ్డ తరఫున మాట్లాడటం అతడు మాట్లాడగలిగేవరకే అన్న అంగీకారం అది.

గాయపడిన మనిషి స్వయంగా మాట్లాడితే ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి ఒక అరుదైన గ్రంథం ఉన్నది. జసెట్‌స్కీ అనే సోవియట్ సైనికుడు 1943లో, ఇరవైమూడేండ్ల వయసులో, తలలో తూటా దిగి, అక్షరాలతో సహా ఎన్నో మరచిపోయినాడు. ఇంటికి వెళ్ళి, తల్లి, చెల్లెండ్ల మధ్య, పసివాడివలె మళ్ళీ ఓనమాలు దిద్దినాడు. ఒక్కొక్క అక్షరాన్ని వెదుకుతూ ఉండగా, చేతిని ఆపకుండా పోనిస్తే మాట మొత్తం అదే వస్తుందని ఒకనాడు తెలిసినది. వ్రాసినదానిని చదువుకోలేడు; నిన్న వ్రాసినది గుర్తుండదు. అట్లా ఇరవై అయిదేండ్లపాటు సుమారు 3,000 పుటలు వ్రాసినాడు. మనోవిజ్ఞాన వేత్త అలెగ్జాండర్ లూరియా ఆ పుటలకు తన వ్యాఖ్యను చేర్చి 1971లో గ్రంథంగా ప్రకటించినాడు. జసెట్‌స్కీ గాయం నయం కాలేదు. కాని ఒక్కొక్క రోజు, కొన్నిసార్లు అర పుట చొప్పున, చెదిరిన బ్రతుకును వరుసలో పెట్టడానికి అతడు చేసిన పని ఆగలేదు. ‘ఇదివరకటిలా’ కావడం తప్ప మరొక విజయం లేదనుకొనే కథకు ఈ మనిషి అర్థం కాడు.

ఈ గ్రంథాలన్నింటిని కలిపి చూసినప్పుడు తెలుగు కథకుడికి మూడు విషయాలు స్పష్టమౌతవి. మొదటిది కాలం. ఈ కథకు ఆసుపత్రి ఉపోద్ఘాతం మాత్రమే. మొదటి నెలల్లో వేగంగా కనిపించిన మార్పు తరువాత మందగిస్తుంది. చుట్టాలు రావడం తగ్గుతుంది. అసలు కథ అప్పుడు మొదలౌతుంది. రెండవది ఇల్లు. ఉద్యోగం మానుకొన్నది ఎవరు, రాత్రి మేలుకొన్నది ఎవరు, అమ్మమ్మగారింటికి పంపబడిన రెండవబిడ్డ అక్కడ ఏమనుకొంటున్నాడు, అప్పు ఎవరి పేరుమీద వచ్చింది అన్నవి ఈ కథకు ప్రాణం. మూడవది బిడ్డ గొంతు. వైద్యులు ఇంటివారికి చెప్పే సూచనలు చాల సామాన్యమైనవి. ఒకేసారి ఒక్క మాట చెప్పండి. పని చిన్నదిగా ఉండనివ్వండి. అలసట కనబడగానే ఆపండి. గోల తగ్గించండి. రోజూ ఒకే వేళకు ఒకే పని జరగనివ్వండి. బడికి కొద్దిసేపటితో మొదలుపెట్టండి. తోబుట్టువులకు నిజం చెప్పండి. చూసుకొనేవారు కూడా నిద్రపొండి. ఈ సూచనలు ఏ కథకూ అలంకారం కావు. కాని వాటిని పాటించే ఇంటిలో మాట నెమ్మదిస్తుంది, మౌనాలు పొడుగౌతవి, జవాబుకోసం ఎదురుచూడటం అలవాటౌతుంది. బిడ్డ చెప్పదలచుకొన్నది వినబడేది ఆ మౌనంలోనే. ఆ ఇంటి కథ చెప్పే వాక్యంకూడా అంత ఓర్పు నేర్వవలసియుంటుంది.

ఇందుకు తగిన మాటలు తెలుగులో లేకపోలేదు. ‘తేరుకోవడం’ వేరు, ‘కుదుటపడటం’ వేరు, ‘కోలుకోవడం’ వేరు. మొదటిది శ్వాసకు, రెండవది మనస్సుకు, మూడవది బ్రతుకుకు సంబంధించినదిగా వాడుకలో వినబడుతున్నది. మూడింటినీ ‘నయమైంది’ అన్న ఒక్క మాటక్రింద అణచివేయకుండా, ఏది ఎప్పుడు జరిగిందో, ఎవరికి జరిగిందో, ఏది ఇంకా జరగలేదో చెప్పడం రచయిత పని. బిడ్డ కోలుకోకముందే తల్లి తేరుకోవలసి రావచ్చును. బిడ్డ బడికి వెళ్ళిన తరువాత కూడా తండ్రి కుదుటపడకపోవచ్చును.

బిడ్డ కన్ను తెరిచినాడు, తెలివి వచ్చింది. ఇన్నాళ్ళూ ఎన్నో కథలకు ఇది చివరి వాక్యంగా ఉంటూ వచ్చినది. దీనిని మొదటి వాక్యంగా వ్రాసి, రెండవ వాక్యంకోసం ఓపికతో కూర్చొనే కథకుడు తెలుగు సాహిత్యానికీ, తెలుగు ఇండ్లకూ అవసరమైయున్నాడు.